ఒక కల్పంలో ఎన్ని త్రుటులు? పిల్లల చార్టుకు సరైన లెక్క కావాలి

చంద్రగిరి టీచర్
అందరికీ నమస్కారం. మా బడిలో సైన్సు ప్రదర్శన కోసం తొమ్మిదో తరగతి పిల్లలతో కాలమానాల చార్టు చేయిస్తున్నాను. పైన బ్రహ్మ ఆయుర్దాయం, అడుగున అట్టోసెకను (సెకనులో 10¹⁸వ వంతు). నడుమ కల్పం, మహాయుగం, సంవత్సరం, ఘడియ, విఘడియ, సెకను, నిమేషం, త్రుటి ఉంటాయి. ప్రతి ప్రమాణం పక్కన అది ఎన్ని సెకన్లో రాయాలి. చివర్లో పిల్లలే పెట్టుకున్న పెద్ద ప్రశ్న ఒకటి ఉంది: ఒక కల్పంలో ఎన్ని త్రుటులు?

అక్కడే ఆగిపోయాం. పిల్లలు ఇంటర్నెట్‌లో వెదికి త్రుటికి రెండు విలువలు తెచ్చారు. ఒకదాని ప్రకారం అది సెకనులో 33,750వ వంతు. ఇంకోదాని ప్రకారం సెకనులో సుమారు 2,100వ వంతు. కల్పం 432 కోట్ల సంవత్సరాలని అన్నిచోట్లా ఉంది గానీ, దాన్ని సెకన్లలోకి మార్చేసరికి ఒక్కోచోట ఒక్కో అంకె కనబడుతోంది. ఏది రాయమంటారు?

గాదంకి దారి
టీచర్ గారూ, మార్చే పద్ధతి సులువే. పెద్ద సంఖ్యలన్నిటినీ పది ఘాతాల్లో రాసుకోండి, సున్నాలు లెక్కపెట్టే బాధ తప్పుతుంది.

సంవత్సరానికి 365.25 రోజులు, రోజుకు 86,400 సెకన్లు. అంటే ఏడాదికి 3,15,57,600 సెకన్లు. 432 కోట్లతో గుణిస్తే కల్పానికి 1.36328832 × 10¹⁷ సెకన్లు. దాన్ని 33,750తో గుణించండి. 4.6011 × 10²¹ త్రుటులు వస్తాయి.

10²¹ అంటే సరిగ్గా కోటి కోటి కోట్లు. ఒక్కో కోటికి ఏడు సున్నాల చొప్పున మూడు కోట్లకు ఇరవై ఒకటి. పిల్లలకు ఈ మాట నచ్చుతుంది.

విద్యాపీఠం పాత విద్యార్థి
పైన చెప్పిన గుణకారం సరైనదే. కానీ అందులో కల్పం ఒక శాస్త్రం నుంచి, సంవత్సరం ఇంకో లెక్క నుంచి, త్రుటి మరో గ్రంథం నుంచి వచ్చి కలిశాయి. టీచర్ గారి చిక్కంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

33,750వ వంతు అనేది 1150లో భాస్కరాచార్యులు రాసిన సిద్ధాంత శిరోమణిలోని లెక్క. రోజుకు 30 ముహూర్తాలు, ముహూర్తానికి 2 ఘడియలు, ఘడియకు 30 కళలు, కళకు 30 కాష్ఠలు, కాష్ఠకు 18 నిమేషాలు. నిమేషంలో 30వ వంతు తత్పర. తత్పరలో 100వ వంతు త్రుటి. అన్నిటినీ గుణిస్తే రోజుకు 291 కోట్ల 60 లక్షల త్రుటులు. 86,400 సెకన్లను ఈ సంఖ్యతో భాగిస్తే సరిగ్గా 33,750వ వంతు వస్తుంది.

రెండో విలువ భాగవతం మూడో స్కంధంలోనిది. అక్కడ మెట్లు వేరు. 100 త్రుటులు ఒక వేధ, 3 వేధలు ఒక లవం, 3 లవాలు ఒక నిమేషం, 3 నిమేషాలు ఒక క్షణం, 5 క్షణాలు ఒక కాష్ఠ, 15 కాష్ఠలు ఒక లఘువు, 15 లఘువులు ఒక నాడిక. నాడిక అంటే మన ఘడియే, 24 నిమిషాలు. ఆ లెక్కన త్రుటి సెకనులో 2,109వ వంతు దగ్గర నిలుస్తుంది. భాస్కరుడి త్రుటికి ఇది సరిగ్గా 16 రెట్లు. రెండింటిలో ఏదీ తప్పు కాదు. రెండు సంప్రదాయాల్లో ఒకే పేరుతో రెండు కొలతలు ఉన్నాయి, అంతే.

నిమేషానికి వస్తే తేడా ఇంకా విచిత్రంగా ఉంటుంది. విష్ణుపురాణం ప్రకారం సెకనులో దాదాపు ఐదో వంతు. మనుస్మృతి ప్రకారం 0.18 సెకన్లు. భాస్కరుడి ప్రకారం 0.09 సెకన్లు. అమరకోశంలో కళకూ ముహూర్తానికీ నడుమ క్షణం అనే మెట్టు అదనంగా ఉండటంతో అది 0.015 సెకన్లకు దిగిపోతుంది.

ఇక పైమెట్టు. ప్రాచీన ఖగోళ గ్రంథమైన సూర్యసిద్ధాంతం మహాయుగానికి (నాలుగు యుగాలూ కలిపి) 157 కోట్ల 79 లక్షల 17 వేల 828 రోజులు అంటుంది. వెయ్యి మహాయుగాలు ఒక కల్పం. భాస్కరుడు బ్రహ్మగుప్తుడి మార్గంలో నడిచాడు. ఆయన లెక్కలో కల్పానికి 1,57,791 కోట్ల 64 లక్షల 50 వేల రోజులు. సూర్యసిద్ధాంతం కన్నా 13 లక్షల 78 వేల రోజులు తక్కువ, అంటే దాదాపు 3,770 సంవత్సరాలు. ఆర్యభటుడైతే వెయ్యి కాదు, 1,008 మహాయుగాలను కల్పం అన్నాడు. ఆయన నాలుగు యుగాలూ సమానమే, ఒక్కొక్కటి 10 లక్షల 80 వేల ఏళ్లు.

కాబట్టి భాస్కరుడి త్రుటిని తీసుకుంటే భాస్కరుడి కల్పాన్నే తీసుకోండి. ఒక ఇంటి తాళానికి ఇంకో ఇంటి చెవి పెట్టకూడదు.

గుడిపాల తోట
అయ్యా, మీ పాండిత్యానికి నమస్కారం. కానీ తొమ్మిదో తరగతి పిల్లల ముందు నాలుగు నిమేషాలు, రెండు త్రుటులు, మూడు కల్పాలు పెడితే వాళ్లకు మిగిలేది అయోమయమే. ప్రదర్శన చూడటానికి వచ్చే తల్లిదండ్రులు కూడా ‘అయితే ఏది నిజం’ అని అడుగుతారు. ఒక్క విలువ పెట్టండి, గట్టిగా చెప్పండి. నా ఉద్దేశంలో భాగవతం లెక్కే మనవాళ్లకు దగ్గర.

విద్యాపీఠం పాత విద్యార్థి
గుడిపాల తోట గారూ, మీ ఆందోళన అర్థమైంది. నేను మాత్రం ఒప్పుకోలేను. పిల్లలు ఇప్పటికే రెండు విలువలు చూశారు, వాళ్లే తెచ్చారు. ఇప్పుడు ఒకదాన్ని దాచిపెడితే, రెండోది ఎక్కడ కనబడినా మన గ్రంథాలే పొరపాటు అనుకుంటారు. విలువ పక్కన అది ఏ గ్రంథంలోదో ఒక్క మాట రాస్తే ఆ అనుమానమే రాదు.

చిత్తూరు లెక్కల సార్
ఈ చర్చలో ఒక లెక్క తేల్చాలి. భాస్కరుడి రోజులు × భాస్కరుడి త్రుటులు చేస్తే ఎక్కడా దశాంశాలు రావు. జవాబు 46012043682, దాని పక్కన 11 సున్నాలు. చేత్తో గుణించి చూశాను. పిల్లలతోనూ చేత్తోనే చేయించండి, చాలా మంచి అభ్యాసం. సూర్యసిద్ధాంతం రోజులతో చేస్తే 4601208386448, పక్కన 9 సున్నాలు.

ఇప్పుడు మూడు జవాబులనూ ఒకచోట చూడండి.
భాస్కరుడి రోజులతో: 4.60120437 × 10²¹
సూర్యసిద్ధాంతం రోజులతో: 4.60120839 × 10²¹
365.25 రోజుల ఏడాదితో: 4.60109808 × 10²¹

మొదటి మూడు అంకెలు 4.60. అవి మూడింటిలోనూ ఒకటే. ఆ తర్వాతి అంకెలన్నీ ‘సంవత్సరం అంటే ఎన్ని రోజులు’ అన్నదాని మీద ఆధారపడ్డవి. సూర్యసిద్ధాంతం సంవత్సరం 365.258756 రోజులు. నేటి ఖగోళశాస్త్రం కొలిచిన నక్షత్ర సంవత్సరం 365.256363 రోజులు. తేడా మూడున్నర నిమిషాలే. అన్ని శతాబ్దాల కిందట, దుర్భిణి లేని రోజుల్లో అంత దగ్గరికి రావడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. కానీ 365.25 రోజుల ఏడాదికీ సూర్యసిద్ధాంతం ఏడాదికీ ఉన్న చిన్న తేడా 432 కోట్ల సార్లు పేరుకుంటే లక్షా మూడు వేల సంవత్సరాలు దాటుతుంది. వెబ్‌సైట్లలో అంకెలు కలవకపోవడానికి కారణం ఇదే. గుణకారం ఎక్కడా తప్పలేదు. ఒకరు 365 రోజులు తీసుకుంటారు, ఒకరు 365.25, ఒకరు 365.2425, మరొకరు పురాణాల పద్ధతిలో 360.

అందుకే నా గట్టి అభిప్రాయం: చార్టు మీద 4.60 × 10²¹ అని మూడు అంకెలతో ఆపండి. భాగవతం త్రుటికి 2.88 × 10²⁰. కాలిక్యులేటర్ చూపించే అంకెలన్నీ దించి రాస్తే లెక్క గొప్పగా కనిపిస్తుంది గానీ, మనకు తెలిసినదానికన్నా ఎక్కువ తెలుసని చెప్పినట్లవుతుంది.

రేణిగుంట పాఠకుడు
కల్పం 432 కోట్ల ఏళ్లు, భూమి వయస్సు 454 కోట్ల ఏళ్లు. దాదాపు సరిపోయాయి కదా! చార్టులో ఈ సంగతి తప్పకుండా పెట్టండి టీచర్ గారూ. మన పూర్వులకు భూమి వయస్సు తెలుసని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

శేషాచలం రాళ్లు
రేణిగుంట సోదరా, ఆ పోలిక పెట్టవద్దని నా మనవి. కల్పం అంటే బ్రహ్మకు ఒక పగలు, పూర్తి నిడివి. మనం ఇప్పుడు ఆ పగటి నడుమ ఉన్నాం. సంకల్పంలో రోజూ చెప్పుకునేది అదే: శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమ పాదే. ఆరు మన్వంతరాలు, వాటి సంధులు, ఏడో మన్వంతరంలో 27 మహాయుగాలు, ఇరవై ఎనిమిదోదానిలో మూడు యుగాలు గడిచాయి. కూడితే 197 కోట్ల 29 లక్షల 44 వేల ఏళ్లు, ఆపైన కలియుగం మొదలైన క్రీ.పూ. 3102 నుంచి గడిచిన ఐదు వేల పైచిలుకు. సిద్ధాంతాల ప్రకారం గడిచిన కాలం 197 కోట్లయితే, భూమి వయస్సు 454 కోట్లు. పోల్చవలసింది ఈ రెండింటినీ, అవి కలవవు. పూర్వులు ఇంత పెద్ద కాలాన్ని ధైర్యంగా ఊహించి, దాన్ని గ్రహాల తిరుగుడుతో ముడిపెట్టి లెక్కకట్టారు. ఆ గొప్పతనం దానికదే నిలుస్తుంది, వేరే ఊతం అక్కర్లేదు.

భూమి వయస్సును సెకన్లలో రాస్తే మాత్రం సార్ చెప్పిన జాగ్రత్త ఇంకా అవసరం. 454 కోట్లకు అటూ ఇటూ ఒక శాతం, అంటే ఐదు కోట్ల ఏళ్ల దాకా, తేడా ఉండవచ్చని శాస్త్రవేత్తలే చెబుతారు. 1.43 × 10¹⁷ సెకన్లు అంటే చాలు.

పెద్ద కాలానికి మన ఊరి ఉదాహరణే కావాలంటే పిల్లలను ఘాట్ రోడ్డుకు తీసుకెళ్లండి. తిరుమల కొండ చరియలో ఒకచోట కింద గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు కనిపిస్తాయి. రెండూ కలిసేచోట గీత గీసినట్లు ఉంటుంది. ఆ గీతను ఎపార్కియన్ అసమన్వయం అంటారు. భారత భూవైజ్ఞానిక సర్వే దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. కింది రాయి ఏర్పడ్డాక, పై పొర పేరుకోవడం మొదలయ్యేలోపు గడిచిన కాలం దాదాపు 80 కోట్ల ఏళ్లని చెబుతారు. ఆ గీత మీద చెయ్యి పెడితే బొటనవేలు ఒక యుగం మీద, చిటికెన వేలు ఇంకో యుగం మీద ఉంటాయి. సెకన్లలో అది 2.5 × 10¹⁶. కల్పంలో ఐదో వంతుకు కాస్త తక్కువ.

చంద్రగిరి టీచర్
శేషాచలం రాళ్లు గారూ, ఆ గీత ఫోటో తీయించి చార్టులో 10¹⁶ దగ్గర అంటిస్తాం. చాలా సంతోషం. మరి ఘడియ, విఘడియల వరుస ఎలా చూపించాలి? ఈ తరం పిల్లలు పంచాంగం చూడటమే మానేశారు.

పుత్తూరు పంచాంగం
అమ్మా, దానికి పిల్లల చేత ఒక పంచాంగం తెరిపించండి. తిథి పక్కన ‘ఘ. 32-15’ అని ఉందనుకోండి. సూర్యోదయం నుంచి 32 ఘడియల 15 విఘడియల దాకా ఆ తిథి ఉంటుందని అర్థం. ఘడియకు 24 నిమిషాలు కాబట్టి 32 ఘడియలు 12 గంటల 48 నిమిషాలు. విఘడియకు 24 సెకన్లు కాబట్టి 15 విఘడియలు 6 నిమిషాలు. మొత్తం 12 గంటల 54 నిమిషాలు. ఆ రోజు సూర్యోదయం 6.06కు అయితే తిథి రాత్రి 7 గంటలకు ముగుస్తుంది. కొండ మీద స్వామివారి కొలువులో రోజూ పంచాంగ శ్రవణం జరుగుతుంది. అక్కడ చదివేదీ ఈ తిథి వార నక్షత్రాలే.

సూర్యోదయం నుంచి లెక్క కాబట్టి ఊరు మారితే గడియారం సమయమూ మారుతుంది. మన దేశపు ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. తిరుపతి 79.4 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మన ఊరి అసలు సమయం గడియారం కన్నా దాదాపు 12 నిమిషాలు వెనక.

ఇంకొకటి చెప్పాలి, నాకు ఎంతో ఇష్టమైనది. విఘడియలో ఆరో వంతు ప్రాణం. ఆరోగ్యవంతుడు ఒకసారి గాలి పీల్చి వదిలే సమయం, సుమారు 4 సెకన్లు. రోజుకు 21,600 ప్రాణాలు. వృత్తంలో 360 డిగ్రీలు, డిగ్రీకి 60 కళలు (ఇక్కడ కళ కాలానికి కాదు, కోణానికి కొలత), మొత్తం 21,600 కళలు. అంటే మనం ఒక్క ఊపిరి తీసేలోపు ఆకాశం సరిగ్గా ఒక కళ తిరుగుతుంది. సూర్యసిద్ధాంతం ఈ లెక్కకు నక్షత్ర దినాన్ని తీసుకుంది. అది 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. అందుచేత ఆ గ్రంథం ప్రకారం ఘడియ మన 24 నిమిషాలకు నాలుగు సెకన్లు తక్కువ. మీ చార్టులో 24 నిమిషాలే రాయండి. అడిగిన పిల్లవాడికి మాత్రం ఈ సంగతి చెప్పండి.

గుడిపాల తోట
పెద్దాయన చెప్పిన ప్రాణం లెక్క అద్భుతంగా ఉంది. మరి త్రుటిని ఆ రోజుల్లో ఎలా కొలిచారు?

పుత్తూరు పంచాంగం
కొలవలేదు బాబూ. కొలిచింది ఘడియను. అడుగున చిన్న రంధ్రం ఉన్న రాగి గిన్నెను నీళ్ల మీద వదిలితే రోజుకు 60 సార్లు మునగాలని సూర్యసిద్ధాంతంలోనే ఉంది. అంతకన్నా చిన్నవాటిని భాగించుకుంటూ వెళ్లారు. గ్రహం కదలికను లెక్కించేటప్పుడు ఏ క్షణానికి ఆ క్షణం వేగం కావలసి వస్తుంది. దానికి అంత సూక్ష్మమైన కాలం ఊహలో ఉండాలి.

గాదంకి దారి
ఇప్పుడు కొలుస్తున్నారు, అదీ మన పక్కనే. తిరుపతి, చిత్తూరు నడుమ గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి పెద్ద రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. నేల మీద వరుసకు 32 చొప్పున 32 వరుసల్లో 1,024 యాంటెన్నాలు, చూస్తే ఇనుప తోటలా ఉంటాయి. అది ఆకాశంలోకి రేడియో తరంగాన్ని పంపి, గాలి పొరల నుంచి తిరిగి వచ్చే సన్నటి ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. ఎంత సేపటికి తిరిగొచ్చిందో చూసి ఎంత ఎత్తునుంచి వచ్చిందో చెబుతుంది. మైక్రోసెకనుకు 150 మీటర్లు లెక్క.

భాస్కరుడి త్రుటి 29.6 మైక్రోసెకన్లు. అంటే తరంగం 4.4 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం సరిగ్గా ఒక త్రుటి. వానాకాలంలో మేఘాలు తిరిగే ఎత్తు అది. చార్టులో త్రుటి పక్కన గాదంకి రాడార్ బొమ్మ వేయించండి.

ఆ కింద మెట్లు చాలా ఉన్నాయి. 1967 నుంచి సెకనుకు నిర్వచనమే సీజియం-133 పరమాణువు. దాని వికిరణం 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు కంపిస్తే ఒక సెకను. ఒక్క త్రుటిలో ఆ కంపనాలు 2,72,374. అట్టోసెకను 10⁻¹⁸. అంత చిన్న కాంతి స్పందనలను పుట్టించే పద్ధతులకే 2023లో పియర్ అగోస్తిని, ఫెరెంక్ క్రౌజ్, ఆన్ లూయిలియే గార్లకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. విశ్వం వయస్సు 1,380 కోట్ల ఏళ్లు, సెకన్లలో 4.35 × 10¹⁷. ఒక్క సెకనులో ఉన్న అట్టోసెకన్లు అందుకు రెండింతలకు పైనే.

చంద్రగిరి టీచర్
ఒకే ఒక సందేహం మిగిలింది. పైన 10²², కింద 10⁻¹⁸. ఇంత తేడాను ఒకే కాగితం మీద ఎలా సర్దాలి? పిల్లలు మామూలు కొలతతో గీయబోతే ఘడియ కూడా కనిపించలేదు. ప్లాంక్ కాలాన్ని (భౌతికశాస్త్ర సిద్ధాంతాల్లో వచ్చే అతి చిన్న కాలం) కూడా పెట్టమని ఒక అమ్మాయి అడుగుతోంది.

చిత్తూరు లెక్కల సార్
టీచరమ్మా, పది రెట్లకు ఒక మెట్టు, మెట్టుకు 5 సెంటీమీటర్లు పెట్టండి. బ్రహ్మ ఆయుర్దాయం 3,11,04,000 కోట్ల ఏళ్లు, సెకన్లలో 9.8 × 10²¹. దాన్ని 10²² అనుకోవచ్చు. అక్కడినుంచి అట్టోసెకను దాకా 40 మెట్లు, సరిగ్గా 2 మీటర్ల చార్టు. సెకను పైనుంచి 110 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. కల్పం సెకనుకు పైన 85.7 సెంటీమీటర్లు, భాగవతం త్రుటి సెకనుకు కింద 16.6, భాస్కరుడి త్రుటి 22.6.

ఈ కొలత మీద మన వాదనలు కూడా తేలిపోతాయి. మూడు రకాల సంవత్సరాలతో కట్టిన మూడు కల్పాల మధ్య దూరం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేదు. పెన్సిలు ములుకు కింద మూడూ ఇమిడిపోతాయి. కాబట్టి కల్పానికి ఒకే గీత. త్రుటుల నడుమ 6 సెంటీమీటర్లు ఎడం ఉంది. రెండు గీతలు గీసి, ఒకదాని పక్కన భాగవతం అని, ఇంకోదాని పక్కన సిద్ధాంత శిరోమణి అని రాయడానికి బోలెడు చోటు. నిమేషాలకూ అంతే, పై కొసకూ కింది కొసకూ 5.8 సెంటీమీటర్లు. గుడిపాల తోట గారు భయపడినట్లు అయోమయం ఉండదు, కంటికే కనిపిస్తుంది.

ప్లాంక్ కాలం 5.39 × 10⁻⁴⁴ సెకన్లు. దాన్ని పెట్టాలంటే అట్టోసెకనుకు కింద ఇంకా 126 సెంటీమీటర్ల కాగితం అతికించాలి. అడిగిన అమ్మాయి కోసం అతికించండి. ఇంతవరకూ కొలిచిన అతి చిన్న కాలం 247 జెప్టోసెకన్లు (జెప్టోసెకను అంటే 10⁻²¹ సెకను). హైడ్రోజన్ అణువును కాంతి దాటే సమయం అది, 2020లో జర్మనీలో కొలిచారు. అది అట్టోసెకనుకు కింద 3 సెంటీమీటర్ల దగ్గరే వస్తుంది. అక్కడిదాకా నిండు గీత, ఆ కింద చుక్కల గీత గీయించండి.

గుడిపాల తోట
సార్ చెప్పినట్లయితే నాకు అభ్యంతరం లేదు. టీచర్ గారూ, ప్రదర్శన ఏ రోజో ఇక్కడ రాయండి, మా మనవడిని తీసుకొస్తాను.

చంద్రగిరి టీచర్
తేదీ ఖరారు కాగానే రాస్తాను, అందరూ రండి. ఆ 126 సెంటీమీటర్ల కాగితం ఈ రోజే కొన్నాం.